ఉర్లగడ్డ వయసెంత?

(అనంతపురంలో బడి వంట చేసే మహిళలకూ, హాస్టల్ వంటవాళ్లకూ ఏర్పాటు చేసిన సమావేశంలో ఒక రిటైర్డ్ హోం సైన్స్ అధ్యాపకురాలి ప్రసంగం)

అందరికీ నమస్కారం. పొద్దున్నే పొయ్యి పని ముగించుకుని, ఎండలో బస్సులు పట్టుకుని వచ్చారు. అందుకే నేరుగా విషయంలోకి వస్తాను.

ఈ బల్ల మీద మూడు ఉర్లగడ్డలు, అదే బంగాళాదుంపలు, పెట్టాను. మూడూ పొద్దున పాతూరు మార్కెట్లో కొన్నవే. మొదటిది చూడండి, తొక్క పల్చగా ఉంది, బొటనవేలితో రుద్దితే లేచి వస్తోంది, ఇంకా మట్టి అంటుకునే ఉంది. రెండోది లావుగా, నున్నగా ఉంది కానీ నొక్కితే కొంచెం మెత్తగా తగులుతోంది, కళ్ల దగ్గర మొలకలు తొంగి చూస్తున్నాయి. మూడోది ఒక పక్క ఆకుపచ్చగా మారింది. కొట్టాయన మూడింటినీ ఒకే ధరకి తూచాడు. మనమూ ఒకే కుక్కర్లో వేసేస్తాం. లోపలున్న పిండి, చక్కెర, సి విటమిన్ మాత్రం ఒక్కో గడ్డలో ఒక్కో తీరుగా ఉన్నాయి. బియ్యం కొనేటప్పుడు పాతవా కొత్తవా అని అడగకుండా కొనే ఇల్లాలు మన జిల్లాలో ఉండదు. ఉర్లగడ్డ దగ్గర మాత్రం ఆ మాట అడగం. అడగాలి అని చెప్పడానికే ఇక్కడికి వచ్చాను.

ఇక్కడ శనక్కాయ పండించే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు. శనక్కాయ నేల లోపల ఉంటుంది కాబట్టి దాన్ని వేరు అంటామా? అనం. పూత పూసి, ఊడ దిగి, మట్టిలో కాయ పడుతుందని మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఉర్లగడ్డ కూడా వేరు కాదు, కాండం. మొక్క మొదలు నుంచి నేల లోపలే తెల్లటి తీగల్లాంటి కొమ్మలు పక్కకు సాగుతాయి. ఆ కొమ్మ కొస ఉబ్బి గడ్డవుతుంది. గడ్డ మీద కళ్లు అంటున్నామే, అవి కొమ్మ మీది మొగ్గలే. తవ్వి బస్తాలో పోసిన తర్వాత కూడా ఆ కొమ్మ బతికే ఉంటుంది. గాలి పీలుస్తుంది, వేడి పుట్టిస్తుంది, తడి వదులుతుంది, దాచుకున్న తిండిని కొంచెం కొంచెంగా ఖర్చు చేసుకుంటుంది. మనం వండే రోజు వరకూ దానికి వయసు పెరుగుతూనే ఉంటుంది.

పొలంలో ఏం జరుగుతుందో ముందు చెబుతాను. నాటిన నెలా నెలన్నరకు గడ్డ పట్టడం మొదలవుతుంది. ఆకులో తయారైన చక్కెర కాండం గుండా కిందికి దిగి ఆ కొసకు చేరుతుంది. లేత గడ్డలో చక్కెర ఎక్కువ, పిండి తక్కువ, నీళ్లు బాగా ఎక్కువ. రోజులు గడిచేకొద్దీ ఆ చక్కెర పిండిగా పేరుకుంటుంది. జొన్న పాలకంకి నలిపి తిన్నవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పాలు పట్టినప్పుడు తియ్యగా ఉంటుంది, ముదిరితే పిండవుతుంది. ఉర్లగడ్డ కూడా అంతే. రకాన్ని బట్టి 90 నుంచి 110 రోజులకు పంట ముదురుతుంది. అప్పటికి 100 గ్రాముల గడ్డలో దాదాపు 79 గ్రాములు నీళ్లు, 15 నుంచి 17 గ్రాముల వరకు పిండి, 2 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పొటాషియం 420 మిల్లీగ్రాములకు అటూ ఇటూ, సి విటమిన్ 20 మిల్లీగ్రాముల దాకా ఉంటాయి. రకాన్ని, నేలను బట్టి ఈ అంకెలు మారతాయి. యూరియా ఎక్కువ పోస్తే ఆకు ఏపుగా పెరుగుతుంది కానీ గడ్డ ఆలస్యంగా ముదురుతుంది. తొందరపడి తవ్వితే నీళ్ల గడ్డ చేతికొస్తుంది. అది ఉడికిస్తే జిగురుగా ఉంటుంది, వేయిస్తే నూనె తాగుతుంది.

మంచి రైతు తవ్వడానికి పది పదిహేను రోజుల ముందే పైన ఆకును, కాండాన్ని కోసేస్తాడు. ఆ పది రోజుల్లో మట్టిలోనే గడ్డ తొక్క గట్టిపడుతుంది. ఆ ఓపిక లేని చోట తవ్విన గడ్డకు దారిలోనే తొక్క చెక్కుకుపోయి, గాయాల గుండా నీళ్లు పోయి, కుళ్లు పడుతుంది. మనం తిట్టుకునేది కొట్టాయన్ని. తప్పు చాలాసార్లు పొలంలోనే జరిగిపోయి ఉంటుంది.

మరి ఇది మన దగ్గర ఎందుకు పండదు? రాత్రిపూట చల్లదనం కావాలి. 15 నుంచి 20 డిగ్రీల మధ్య రాత్రులుంటే గడ్డ బాగా ఊరుతుంది. రాత్రి కూడా వేడిగా ఉంటే మొక్క పగలు చేసిన చక్కెరను రాత్రికి ఊపిరిలోనే కాల్చేసుకుంటుంది, గడ్డకు మిగలదు. ఆకు నవనవలాడుతుంది, కింద తవ్వితే ఏమీ ఉండదు. అందుకే మనకు కాస్త ఎత్తు మీద, చల్లగా ఉండే కుప్పం, పలమనేరు, వి.కోట వైపు నుంచీ, కోలారు నుంచీ వస్తుంది. హాసన్ వైపు వానాకాలం పంట ఆగస్టు, సెప్టెంబరు నాటికి చేతికొస్తుంది. మిగతా కాలంలో మన మండీలకు దిగేది ఎక్కువగా ఆగ్రా మాలు.

ఆగ్రా గడ్డ కథను కొంచెం నిదానంగా వినండి. మన పిల్లల కంచాల్లోకి వచ్చేది అదే. ఉత్తరాది మైదానాల్లో అక్టోబరు, నవంబరుల్లో నాటి ఫిబ్రవరి, మార్చిలో తవ్వుతారు. దేశంలో ఎక్కువ పంట ఆ రెండు నెలల్లోనే ఒక్కసారిగా బయటికొస్తుంది. తర్వాత ఎండలు. అందుకని కోల్డ్ స్టోరేజీల్లో 2 నుంచి 4 డిగ్రీల చలిలో పెడతారు. అక్కడి నుంచి అక్టోబరు, నవంబరు దాకా కొంచెం కొంచెం తీసి అమ్ముతారు. బడులు తెరిచే జూన్‌లో మీరు కోసే ఆగ్రా గడ్డకు అప్పటికే మూడు నాలుగు నెలలు. దసరాకు కోసేదానికి ఏడు నెలలు దాటతాయి.

ఆ చలిలో మొలక రాదు, కుళ్లు ఆగుతుంది, బరువు పెద్దగా తగ్గదు. అది మేలే. కానీ అదే చలిలో, పొలంలో మూడు నెలలు కష్టపడి పిండిగా మారిన చక్కెర మళ్లీ వెనక్కి చక్కెరవడం మొదలవుతుంది. 4 డిగ్రీల కింద ఉంచితే కొన్ని వారాల్లోనే గ్లూకోజు, ఫ్రక్టోజు పేరుకుంటాయి. చలికి తట్టుకోవడానికి ఆ కొమ్మ చేసుకునే ఏర్పాటు అది. మండీలో తియ్యగడ్డ, స్టోరేజీ మాలు అంటారే, అదే ఇది. పల్యం చేస్తే లేనిపోని తీపి తగులుతుంది, చింతపండు ఎంత పిండినా ఆ తీపి పోదు. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టినా ఇదే జరుగుతుంది. దయచేసి పచ్చి ఉర్లగడ్డను ఫ్రిజ్‌లో పెట్టకండి.

ఇప్పుడు కొన్ని కొట్లలో "షుగర్ ఫ్రీ ఆలు" అని బోర్డు పెట్టి రెండు రూపాయలు ఎక్కువకు అమ్ముతున్నారు. షుగరు వ్యాధి ఉన్నవాళ్లు ఆ బోర్డు చూసి, ఇది ఎంత తిన్నా పర్వాలేదనుకుని కొంటున్నారు. నాకు ఇది చూస్తే చాలా బాధేస్తుంది. దాని అసలు అర్థం వేరు. ఆ గడ్డను 2 డిగ్రీల దగ్గర కాకుండా 10 నుంచి 12 డిగ్రీల దగ్గర నిల్వ చేశారు, కాబట్టి చక్కెర పేరుకోలేదు. ఆ వేడికి మొలకలు వస్తాయి కాబట్టి మొలక రాకుండా మందు పొగ పట్టిస్తారు. చిప్స్ చేసే కంపెనీలకు కావాల్సింది ఇలాంటి గడ్డ. కానీ పిండి అందులోనూ అంతే ఉంది. ఆ పిండి తిన్న తర్వాత మన కడుపులో చక్కెరే అవుతుంది. షుగరు ఉన్న అన్నలకూ అక్కలకూ ఈ ఒక్క మాట ఇంటికి వెళ్లి చెప్పండి.

చక్కెర పెరిగిన గడ్డను వేయిస్తే ఇంకొక సంగతి ఉంది. ఉర్లగడ్డలో ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం సహజంగానే ఉంటుంది. 120 డిగ్రీలు దాటిన వేడిలో అదీ, ఈ చక్కెరా కలిస్తే రంగు మాడినట్టు ముదురుతుంది, అక్రిలమైడ్ అనే పదార్థం తయారవుతుంది. 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు వేయించిన, కాల్చిన తిండిలో ఇది ఉందని బయటపెట్టారు. జంతువుల మీద చేసిన పరీక్షల్లో అది క్యాన్సరుకు కారణమైంది. అప్పటి నుంచి ప్రపంచమంతా చిప్స్ రంగు మీద జాగ్రత్త పెరిగింది. బజ్జీలు మానేయమని నేను అనను. మన ఊళ్లో అది జరిగే పనీ కాదు. వేపుడు లేత బంగారు రంగు వచ్చేసరికి దించేయండి, అంతే. ఉడికించినప్పుడు నీళ్లు 100 డిగ్రీలు దాటవు కాబట్టి ఈ బెంగే లేదు. బడి వంటలో కూర, కుర్మా చేయడం అన్ని విధాలా మంచిది.

ఇక సి విటమిన్. దీని దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

పొటాషియం లాంటి ఖనిజాలు నిల్వలో ఎటూ పోవు. మాంసకృత్తులు కూడా మొలక వచ్చేదాకా దాదాపు అంతే ఉంటాయి. సి విటమిన్ మాత్రం తవ్విన రోజు నుంచి దిగడం మొదలవుతుంది. మొదటి రెండు మూడు నెలల్లో వేగంగా దిగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. నాలుగైదు నెలలకు సగం దగ్గరికి వస్తుంది, ఇంకా ఉంచితే మూడో వంతుకూ పడిపోతుంది. బయటికి ఏమీ కనపడదు, రుచి కూడా చెప్పదు.

ఐర్లాండ్ అనే దేశంలో ఒకప్పుడు పేదవాళ్లకు ఉర్లగడ్డే అన్నం, ఉర్లగడ్డే కూర. కష్టం చేసే మగవాడు రోజుకు ఐదు కిలోలు తినేవాడు. నిల్వ గడ్డలో 100 గ్రాములకు 8 మిల్లీగ్రాములే మిగిలిందనుకున్నా, ఐదు కిలోలకు 400 మిల్లీగ్రాములవుతుంది. అందుకే వాళ్లకు పండ్లు లేకపోయినా చిగుళ్లు చీమూ నెత్తురూ కారే స్కర్వీ జబ్బు రాలేదు. 1845లో ఆకుమాడు తెగులు వచ్చి గడ్డలు పొలంలోనే కుళ్లిపోయాయి. కరువులో వాళ్లకు అమెరికా నుంచి మొక్కజొన్న తెప్పించి పంచారు. మొక్కజొన్న గింజలో సి విటమిన్ లేదు. ఆకలి తీరినవాళ్లలో కూడా స్కర్వీ కనిపించింది. కరువంటే ఏమిటో మన జిల్లాకు ఎవరూ చెప్పక్కర్లేదు. గంజి కేంద్రాల కథలు మా అవ్వ చెప్పేది. కడుపు నిండటం వేరు, ఒంటికి కావాల్సింది అందటం వేరు అని ఆ అవ్వకు తెలుసు. అందుకే సంకటి పక్కన ఏదో ఒక ఆకు లేకుండా పెట్టేది కాదు.

మన బిడ్డ ఐదు కిలోలు తినడు. కంచంలో పడేది 100 గ్రాములు. నాలుగైదు నెలల ఆగ్రా గడ్డ అయితే పచ్చిగా ఉన్నప్పుడే అందులో 10 మిల్లీగ్రాములు ఉంటాయి. ఇక వంటలో పోయేది చూడండి. 20 మిల్లీగ్రాములు ఉన్న తాజా గడ్డను తొక్కతో ఉడికిస్తే 13 దాకా మిగులుతుంది. తొక్క తీసి ఉడికిస్తే 7 దగ్గరికి వస్తుంది. అంటే తొక్క తీయడం ఒక్కటే ఆరు మిల్లీగ్రాములు తినేసింది. ఆ లెక్కన పాత గడ్డను తొక్క తీసి, ముక్కలు చేసి, నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే బిడ్డకు చేరేది మూడు నాలుగు మిల్లీగ్రాములే. ఎదిగిన ఆడమనిషికి రోజుకు 65 కావాలని మన దేశపు పోషకాహార లెక్క.

కాబట్టి నా మాట ఇది. తొక్కతో ఉడికించి తర్వాత ఒలవండి. పాత గడ్డ వండిన రోజు సి విటమిన్‌కు ఉర్లగడ్డ మీద ఆశ పెట్టుకోకండి. దించిన తర్వాత కూరలో నిమ్మకాయ పిండండి, పొయ్యి మీద ఉండగా పిండితే లాభం లేదు. చీనీ, అంటే బత్తాయి తోటల జిల్లా మనది. సీజనులో రాలిన చిన్న చీనీకాయలు చవకగా దొరుకుతాయి, పిల్లలకు ఒక్కో బద్ద ఇవ్వండి. 100 గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది.

ఇప్పుడు ఈ మూడో గడ్డ. దీన్ని చేతిలోకి తీసుకుంటే ఇప్పటికీ నాకు గుండె బరువెక్కుతుంది.

చాలా ఏళ్ల కిందట నేను ఒక హాస్టల్ మెస్ బాధ్యత చూస్తుండేదాన్ని. దసరా సెలవులకు ముందు మిగిలిన రెండు బస్తాల గడ్డలు కిటికీ పక్కన ఉండిపోయాయి. సెలవులయ్యాక అవే వండారు. ఆ రాత్రి కూర చేదుగా ఉందని పిల్లలు అన్నారు. మెంతులు ఎక్కువయ్యాయేమో అన్నాను. తెల్లారేసరికి కొంతమంది పిల్లలకు వాంతులు, కడుపునొప్పి. రెండు రోజులకు అందరూ కోలుకున్నారు. వంటింట్లో మిగిలిన గడ్డలు చూస్తే సగానికి సగం ఆకుపచ్చగా ఉన్నాయి. ఆ చేదును నేను ఒక్క ముద్ద రుచి చూసినా పొయ్యి ఆపించేదాన్ని. తర్వాత చదివాను, 1969లో లండన్ దక్షిణాన ఒక మగపిల్లల బడిలో అచ్చం ఇలాగే సెలవుల ముందు మిగిలిన బస్తా వండితే 78 మంది జబ్బుపడ్డారు.

వెలుతురు తగిలితే గడ్డ తాను కొమ్మనని గుర్తు తెచ్చుకున్నట్టు పచ్చబడుతుంది. ఆ పచ్చరంగు ఆకులో ఉండేదే, దానివల్ల హాని లేదు. కానీ అదే వెలుతురుకు దాని పక్కనే సోలనిన్, చాకోనిన్ అనే విషాలు కూడా పెరుగుతాయి. అవి పురుగుల నుంచి మొక్కను కాపాడుకోవడానికి ఉన్నవి. మంచి గడ్డలో కూడా కొంచెం ఉంటాయి. 100 గ్రాములకు 20 మిల్లీగ్రాములు దాటితే తినకూడదన్నది హద్దు. ఎక్కువగా తొక్కలో, కళ్లలో, అన్నిటికంటే ఎక్కువగా మొలకల్లో ఉంటాయి. ఉడికించినా, వేయించినా పోవు. పొలంలో రైతు గడ్డ మీదికి మట్టి ఎగదోసేది వెలుతురు తగలకుండానే. మనం బస్తా మీద గోనెపట్టా కప్పాల్సిందీ అందుకే. ట్యూబులైటు వెలుతురు కూడా వెలుతురే. కూరగాయల కొట్లలో రాత్రంతా లైటు కింద పోసిన గడ్డల్లో పై వరస తీసుకోకండి.

మన ఎండల గురించి ఒక్క మాట. మే నెలలో రేకుల షెడ్డులో బస్తా మీద బస్తా వేస్తే మధ్యలో ఉన్న గడ్డలకు గాలి అందదు. వేడికి ఊపిరి వేగం పెరుగుతుంది, పీల్చుకోవడానికి ప్రాణవాయువు చాలదు. గడ్డ నడిమధ్య నల్లబడి చచ్చిపోతుంది. పైన తొక్క నిగనిగలాడుతూనే ఉంటుంది. కోస్తే గానీ తెలియదు. ఎండాకాలం కొనేటప్పుడు బస్తాకు రెండు గడ్డలు కోసి చూపించమనండి, కోసిన వాటి డబ్బులు ఇచ్చేయండి. వారానికి సరిపడానే కొనండి. గాలి ఆడే వెదురు గంపలో, చీకటిగా, నేలకు తగలకుండా పలక మీద పెట్టండి. ఎర్రగడ్డలతో, అంటే ఉల్లిపాయలతో కలపకండి. ఎర్రగడ్డకు పొడి గాలి కావాలి, ఉర్లగడ్డకు కొంచెం తేమ కావాలి. కలిపితే రెండూ చెడతాయి.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పమ్మా.

"కొంచెం పచ్చగా ఉంటే ఆ ముక్క కోసేసి వాడుకోవచ్చా మేడం?" రూపాయి బిళ్లంత మచ్చ ఉంటే చుట్టూ అరంగుళం లోతుగా చెక్కేసి వాడుకోవచ్చు. సగం గడ్డ పచ్చబడితే, లేదా ఉడికాక నాలుకకు చేదు తగిలితే పారేయండి. చిన్న మొలకలు వస్తే కన్నుతో సహా తవ్వి తీసేయండి. మొలకలు పొడుగై గడ్డ ముడతలు పడితే అందులో తినడానికి మిగిలింది కూడా తక్కువే. లెక్కల్లో బస్తా తగ్గిందని ఎవరైనా అడిగితే పచ్చగడ్డ చూపించండి. ఆ టెన్షన్ కోసం బిడ్డ కంచంలో వేయొద్దు.

ఇంకో అక్క అడుగుతోంది, ముందు రోజు రాత్రే తరిగి నీళ్లలో వేసుకుంటే పని తేలికవుతుంది కదా అని. పని తేలికవుతుంది, నిజమే. కానీ సి విటమిన్, పొటాషియం రెండూ కొంత నీళ్లలోకి దిగిపోతాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు పొటాషియం తగ్గించడానికి డాక్టర్లు ఇలా నానబెట్టి నీళ్లు పారబోయమనే చెబుతారు. ఎదిగే పిల్లలకు అలా చేయకూడదు. పొద్దున్నే కడిగి తొక్కతో కుక్కర్లో వేస్తే మీరు బియ్యం కడిగేలోపు ఉడికిపోతుంది.

మూకుడు వేడెక్కింది, ముందుకు రండి. కొత్త గడ్డ నుంచి రెండు చక్రాలు, స్టోరేజీ గడ్డ నుంచి రెండు చక్రాలు, ఒకే మందంగా తరిగాను. నాలుగూ ఒకేసారి నూనెలో వేస్తున్నాను. అమ్మా, నువ్వు గడియారం చూడు. ఇదిగో, ఒకటిన్నర నిమిషం. ఎడమవైపువి ఇంకా లేత పసుపులోనే ఉన్నాయి. కుడివైపువి చూడండి, అంచుల నుంచి ఎలా ఎర్రబడుతున్నాయో. రెండున్నర. తీసేస్తున్నాను. ఆ నల్లబడిన రంగంతా చలిలో పేరుకున్న చక్కెరే. పళ్లెం ఇలా పక్క వరసకు అందించండి, వెనకున్నవాళ్లకు కూడా కనపడాలి.